నీళ్లు ఆఫ్ అయిన రోజు

కోదాడ బజార్లలో కార్లు తేలిన వరద ఏడాది, దాని వెనక వచ్చిన యాసంగి పంట కాలం. ఈ సంగతి అప్పటిది. తారీఖులు నాకు నిలవవు. బడికి పోయింది మూడేళ్లే. ఏదైనా వరదకు ముందా, వెనకా అని చూసుకుంటే నాకు ఏడాది దొరుకుతుంది.

ఆ వరద రాత్రి నా కొడుకు దేవేందర్ కాలువ కట్ట మీద ఉన్నాడు. వాడు లష్కర్. షట్టర్లు ఎత్తడం, దించడం, కట్ట వెంట తిరిగి ఎక్కడైనా గండి పడుతుందేమో చూడడం వాడి పని. గరిడేపల్లి అవతల మా తండాను ఆనుకునే కాలువ పోతుంది. ఆ రాత్రి వాడు నిలబడ్డ చోటే కట్ట తెగింది. తుమ్మచెట్టు పట్టుకుని తెల్లారేదాకా ఉన్నాడు. పొద్దున ఒళ్లంతా బురదతో ఇంటికి వచ్చి, వాళ్లమ్మను చాయ్ పెట్టమన్నాడు.

ఆ రాత్రితో వాడికి భయం పోయింది. అది నాకు పట్టింది.

యాసంగికి మాకు నీళ్లు వంతుల మీద వస్తాయి. కొన్ని రోజులు కాలువ నిండుగా పారుతుంది. దాన్ని ఆన్ అంటాం. తరువాత పైన మూసేస్తారు. అది ఆఫ్. ఆఫ్‌లో కాలువ అడుగు తేలుతుంది. అప్పుడు తండా అంతా కాలువలోనే ఉంటుంది. మేకలు దిగుతాయి. పిల్లలు క్రికెట్ ఆడతారు. ఆడవాళ్లు గుంటల్లో మిగిలిన నీళ్లతో బొంతలు ఉతికి అక్కడే ఆరేస్తారు. పైన విడిస్తే తప్ప చుక్క రాదు. విడిచేముందు దేవేందర్‌కు ఫోన్ వస్తుంది, వాడు తండాలో కేకేస్తాడు, అందరూ ఎక్కి వచ్చేస్తారు. ఫోన్లు లేనప్పుడు మనిషి వచ్చి చెప్పేవాడు, నా పెళ్లినాటి నుంచీ ఇదే పద్ధతి.

చలికాలంలో ఒక ఆన్ నడుస్తున్నప్పుడు తుమ్మకంప కొట్టుకొచ్చి షట్టర్‌కు అడ్డం పడింది. నేను అక్కడే ఉన్నాను.

"కట్టెతోని రాదు బా. దిగుతా," అన్నాడు దేవేందర్. మా లంబాడీల్లో తండ్రి బా, తల్లి యాడి.

"ఆఫ్ అయినంక తీద్దువు."

"అప్పటిదాక కింది పొలాలు ఎండాల్నా?"

దూకాడు. కంప కదిలింది. వాడు కనబడలేదు. షట్టర్ కింద నీళ్లు సుడి తిరుగుతున్నాయి. నాకు అరుపు రాలేదు. కట్ట మీద కూలబడి గడ్డి పట్టుకున్నాను. కాసేపటికి కింది పక్కన వాడి తల లేచింది. నవ్వుతున్నాడు.

"సూసినవా బా? కాలువ నన్ను ఒకసారి ఇడిసిపెట్టింది. ఇగ ఎప్పటికీ ఏమనదు."

ఈ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. వాడు ఆన్‌లో డ్యూటీకి పోయినప్పుడల్లా, తిరిగి వచ్చి చెప్పులు విడిచిన చప్పుడు వినేదాకా మంచం మీద కూర్చుని ఉండేవాణ్ని. సూర్యాపేట దవాఖానలో చూపించారు. డాక్టర్ గోలీలు రాసి, ఏమైనా రంది, దిగులు ఉందా అని అడిగాడు. లేదన్నాను.

ఇంట్లో మాత్రం ఆడవాళ్లు ఊరుకోలేదు. నా భార్య మోతీబాయి మా దేవత మేరామకు మేకను మొక్కింది. కోడలు గీత రోజూ దామరచర్ల పేరు ఎత్తేది.

"గంత పెద్ద కరెంటు ప్లాంట్ పెట్టిన్రు. తండా పోరగాళ్లందరు పోతున్నరు. నువ్వు పోతే ఏమైతది?"

"గాడ బూడిద. గీడ నీళ్లు," అనేవాడు దేవేందర్.

మోతీబాయి నా మీద పడేది. "కొడుకుని ఆపవా? నోట్లె ఏం పెట్టుకున్నవ్, బెల్లమా?"

నేను ఏం మాట్లాడగలను? వాడికి కావలసింది మాటలు కాదు, భయం. అది చెబితే వచ్చేది కాదు. వాడికి కొంచెం భయం రావాలని ఆ యాసంగి అంతా కోరుకున్నాను. వాడి ప్రాణం దాంట్లోనే ఉందని నా నమ్మకం.

ఉగాదికి ముందు ఆఫ్ మొదలైంది. అదే సమయానికి మనవరాలు నందిని బడిలో, సెలవుల్లో ఎక్కడికైనా పోయి ప్రయాణం డైరీ రాసుకురమ్మన్నారు. నాలుగో తరగతి పిల్ల. అట్ట వేసిన కొత్త నోట్‌బుక్ పట్టుకుని తండ్రి ముందు నిలబడింది.

"డాడీ, అందరు ఏడికో ఏడికో పోతున్నరు. నేను మన కాలువ గురించే రాయాల్నా?"

"సముద్రం గురించి రాద్దువు తియ్," అన్నాడు దేవేందర్. "బాకు, యాడికి గూడ సూపిద్దాం. ఇద్దరు సూడలే."

నేను రానన్నాను. ఎవరూ వినలేదు.

మా తండా జైరాంకు తుఫాన్ బండి ఉంది. మిర్యాలగూడ రైస్‌మిల్లులకు హమాలీలను తోలుతుంటాడు. పండగకు మిల్లులు బంద్. ఉగాది నాడు చీకటి ఉండగానే బయలుదేరాం. నోరు మూసుకోవడం జైరాంకు రాదు.

"కిష్ట్యా కాకా, సముద్రం సూస్తెనన్న నోరు తెరుస్తవా? తెరువకు. ఉప్పు నీళ్లు వోతయ్."

కోదాడలో టిఫిన్‌కు ఆగాం. హోటల్ గోడ మీద నా ఛాతీ ఎత్తున వరద మరక ఇంకా ఉంది. దాని మీదే కొత్త కేలెండర్ వేలాడదీశారు. ఇడ్లీ పెడుతూ హోటల్ ఆయన ఎక్కడికని అడిగాడు.

"సముద్రం సూడనీకి," అంది నందిని.

"అదేంటమ్మా, మొన్న సముద్రమే మా హోటల్లోకి వచ్చింది గదా. అప్పుడొచ్చుంటే డీజిల్ ఖర్చు మిగిలేది!"

అందరూ నవ్వారు. నేను ఆ మరకనే చూస్తూ తిన్నాను.

బాపట్ల అవతల సముద్రం. దారిలో ఆగుతూ ఆగుతూ పోయేసరికి పొద్దు వాలింది. సత్రంలో సామాను పెట్టి ఒడ్డుకు పోయాం. నీళ్లు సరుగుడు చెట్ల దాకా ఎగబాకి ఉన్నాయి. నా కళ్లు అవతలి గట్టు కోసం వెతికాయి. లేదు. ఎంత చూసినా లేదు. ఇన్ని నీళ్లను ఏ కట్ట ఆపుతుంది? నేను నిలబడింది వట్టి ఇసుక. కాలి వేలితో తవ్వితే ఊడి వస్తోంది. వాళ్లంతా చేతులు పట్టుకుని అలలకు ఎదురు నిలబడితే, నేను వెనక సరుగుడు చెట్టును పట్టుకుని నిలబడ్డాను.

సత్రంలో నందిని డైరీ చదివి వినిపించింది.

"మొదటి రోజు. సముద్రం చాలా పెద్దది. దానికి అవతలి గట్టు లేదు. దాది ఉప్పు నీళ్లు నోట్లో పోసుకుని ఉమ్మింది. జైరాం కాక చెప్పు పోయింది. దాదా ఏమీ మాట్లాడలేదు. మేము చాలా ఆనందంగా ఉన్నాము."

"దాదా మాట్లాడిండని రాస్తే మీ సారు నమ్మడు తియ్," అంది మోతీబాయి.

రెండో రోజు మధ్యాహ్నం తిండి కట్టుకుని పోయాం. సముద్రం అక్కడ లేదు. నిన్న మోతీబాయి కాళ్లు తడుపుకున్న చోట ఇసుక ఎండి గట్టిపడింది. నీళ్లు దూరం పోయాయి. నడుమ పొడుగ్గా ఒక ఇసుక మేట లేచింది. మేటకూ ఒడ్డుకూ మధ్య పల్లం. పల్లంలో చీలమండ మునగనన్ని నీళ్లు, మన పిల్లకాలువలో ఉన్నట్టు.

"బా, ఆఫ్ అయింది సూడు!" అన్నాడు దేవేందర్.

"ఎవడో గాని ఈడి లష్కర్ మంచోడు. పండగని బంద్ జేసిండు," అన్నాడు జైరాం.

వాళ్లు నవ్వుతూనే అన్నారు. సముద్రానికి షట్టర్ ఉండదని పదో తరగతి చదివిన నా కొడుక్కి తెలియక కాదు. కానీ మా కాళ్లకు అలవాటైన లెక్క వేరు. దిగిన నీళ్లు, పైన విడిచేదాకా రావు. ఆఫ్‌లో కాలువలోకి దిగినట్టే దిగారు. పల్లం దాటి మేట మీద చాప పరిచారు.

"ఈడనే కూసుందాం," అన్నాను నేను ఒడ్డు నుంచి.

"ఏమైతది బా? నీళ్లు దిగినయ్ గదా."

"నేను రాను."

మోతీబాయి లంగా కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని పల్లంలో నిలబడి కోడలితో అంది. "ఇడిసిపెట్టే. ఈ ముసలాయనకు నేనంటే ఎంత భయమో నీళ్లన్నా అంతే భయం."

ఒడ్డున ఒక పడవను ఇసుకలోకి లాగి పెట్టారు. దాని నీడన కూర్చున్నాను. గీత జొన్నరొట్టె, కోడికూర తెచ్చి ఇచ్చి పోయింది. వాళ్లు మేట మీద తిన్నారు. గాలి చల్లగా ఉంది. తిన్నాక దేవేందర్, గీత ఒడ్డుకు వచ్చి, వల లాగుతున్న వాళ్లను ఫోన్‌లో వీడియో తీసుకుంటూ దూరం పోయారు. జైరాం బండిలో పడుకున్నాడు. మేట మీద మోతీబాయి చెయ్యి కళ్ల మీద వేసుకుని నిద్రపోయింది. పక్కన నందిని బోర్లా పడుకుని డైరీ రాసుకుంటోంది.

నా కన్ను వాళ్ల మీదే ఉంది. అందుకే పల్లాన్ని వెంటనే చూడలేదు. చూసేసరికి దాంట్లో నురగ కదులుతోంది. కుడి పక్క నుంచి వస్తోంది. ఎడమ పక్కకు చూశాను. అటు నుంచీ వస్తోంది. నీళ్లు ఒక వైపు నుంచి వచ్చి ఇంకో వైపు పోవాలి. పుట్టిన దగ్గరి నుంచి నేను చూసింది అదే. రెండు చివరల నుంచీ వచ్చి నడుమ కలుసుకోవడం ఎప్పుడూ చూడలేదు.

లేచి కేకేశాను. గాలి ఎదురు. నందిని తల ఎత్తింది. చెయ్యి ఊపాను, రా రా అని. అది నవ్వి, తనూ చెయ్యి ఊపి, మళ్లీ రాసుకోసాగింది.

నీళ్ల అంచుకు పోయి అరిచాను. అంత గొంతు నాకు ఉందని నాకే తెలియదు. ఈసారి పిల్ల లేచి దాదిని కుదిపింది. మోతీబాయి లేచి చూసింది. చాప చుట్టింది, టిఫిన్ గిన్నెలు సర్దింది. అదొక్కటి నేను ఎప్పటికీ మరిచిపోను. చుట్టూ నీళ్లు ఎక్కుతుంటే ఆమె గిన్నెల మూతలు పెట్టుకుంటోంది. పల్లం దగ్గరికి వచ్చి కాలు పెట్టింది. తొడ దాకా దిగింది. వెనక్కి ఎక్కి, పిల్లను నడుముకు అదుముకుని నిలబడింది. మా భాషలో నన్ను పిలిచింది. పేరు పెట్టి పిలిచింది. పెళ్లయ్యాక ఆమె నా పేరు పలకడం అదే మొదలు.

నేను దిగాను. మోకాళ్లు, తొడలు, నడుము. కింద ఇసుక కాళ్ల కింది నుంచి జారిపోతోంది. ఒక అల పక్క నుంచి తోసింది. ఇంకో అడుగు వేయలేకపోయాను. వెనక్కీ పోలేకపోయాను.

అప్పుడు దేవేందర్ పరుగెత్తుకొచ్చాడు. ఫోన్ ఇసుకలో పారేసి, కాలువలో దూకినట్టే అడ్డంగా దూకాడు. వాడు బాగా ఈదుతాడు. కానీ వాడికి తెలిసిన నీళ్లు ఒక వైపే తోస్తాయి. ఇవి ముందుకు తోసి, వెనక్కి గుంజాయి. వాడు మునిగాడు. లేచాడు. మళ్లీ మునిగాడు. లేచినప్పుడు నా పక్కనే తేలాడు. నా భుజం దొరికింది వాడికి. వాడి గోళ్లు నా కండలోకి దిగాయి.

ఆ ముఖం నేను గుర్తుపట్టలేదు.

"బా, కాళ్లు లేస్తలేవు," అన్నాడు.

"నిలబడు."

"నందిని... బా, నందిని..."

"నిలబడు," అన్నాను మళ్లీ. అంతకంటే నా దగ్గర ఏమీ లేదు. మేట సన్నబడుతోంది. పిల్ల రెండు చేతులతో డైరీని నెత్తి మీద పెట్టుకుని నిలబడి ఉంది. నీళ్లు దాని మోకాళ్లకు వచ్చాయి.

వల దగ్గరి నుంచి ఒకాయన తాడు భుజాన వేసుకుని వస్తూ అరిచాడు.

"ఓయ్! అడ్డంగా దిగమాకండి! అక్కడే ఉండండి, కదలమాకండి!"

ఆయన మా వైపు రాలేదు. ఒడ్డు వెంట చాలా దూరం పరుగెత్తి, మెరక చూసుకుని దిగి, మేట మీదికి ఎక్కి, అక్కడి నుంచి వెనక్కి నడిచి వాళ్ల దగ్గరికి పోయాడు. నాకు మాత్రం మొదట మమ్మల్ని వదిలి పారిపోతున్నట్టే అనిపించింది. పిల్లను మెడ మీద ఎక్కించుకున్నాడు. మోతీబాయి చేతికి తాడు కట్టాడు. వచ్చిన దారినే పోయారు. ఆమె ఒకసారి పడింది, తాడు బిగిసింది, లేచింది. ఇంకా ఇద్దరు వలవాళ్లు వచ్చి మమ్మల్ని చెరో రెక్క పట్టుకుని ఒడ్డుకు గుంజారు.

గీత పిల్లను లాక్కుని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. ఏడవలేదు. పిల్ల కాళ్లూ చేతులూ తడుముతూనే ఉంది. చాపా గిన్నెలూ కొట్టుకుపోయాయి. మేట కనబడడం లేదు.

తాడు తెచ్చినాయన పేరు సాంసన్. నాకంటే కొంచెం చిన్నవాడు. నీళ్లు కారుతున్న లుంగీ పిండుకుంటూ అడిగాడు.

"ఏ ఊరండీ మీది?"

"కోదాడ దిక్కు," అన్నాడు జైరాం. మొదటిసారి వాడి గొంతు చిన్నగా వచ్చింది.

"కాలవోళ్లా! పోటుకీ పాటుకీ తేడా తెలీదా అండీ? దిగిందంటే ఎక్కుద్ది. అమావాస్య ఎల్లిన ఎంటనే ఇంకా ఎక్కుద్ది. దీన్ని ఎవరూ ఇడవక్కర్లేదు, ఎవరూ కట్టక్కర్లేదు." దేవేందర్ వైపు చూశాడు. "బాబుకి కాస్త టీ పట్టించండి. ఒణికిపోతన్నాడు."

నిజమే. ఎండలో కూర్చుని నా కొడుకు వణుకుతున్నాడు. మోతీబాయి తన తడి పైటనే వాడి మీద కప్పింది.

నేను సాంసన్‌కు దండం పెట్టాను. ఆయన చేతులు పట్టుకుని దించేసి, వల దగ్గరికి పోయాడు.

తిరుగు దారిలో జైరాం పాటలు పెట్టలేదు. కోదాడ దగ్గర చాయ్‌కి ఆపితే, బండి లైటు కింద నందిని డైరీ తెరిచింది. అట్ట మాత్రమే తడిసింది. రాసింది చదివింది.

"రెండో రోజు. సముద్రం ఆఫ్ అయింది. మేము దాని మీద కూర్చుని రొట్టెలు తిన్నాము. తర్వాత మళ్లీ ఆన్ అయింది. ఒక తాత నన్ను మెడ మీద ఎక్కించుకున్నాడు. మా డాడీ చాలా భయపడ్డాడు. దాదా భయపడలేదు."



"ఆ డాడీ లైన్ కొట్టెయ్ బిడ్డా," అన్నాడు దేవేందర్ మెల్లగా. "మీ సారు సూస్తడు."

"ఉండనియ్," అంది గీత. "ఏం తప్పు రాసింది?"

పిల్ల ఇద్దరినీ చూసి, పెన్ను మూత పెట్టేసింది. నా గురించి రాసింది తప్పు. దిద్దమని నేను చెప్పలేదు.

ఇల్లు చేరేముందే దేవేందర్‌కు ఫోన్ వచ్చింది. పైన నీళ్లు విడిచారు, తెల్లారేసరికి మా దగ్గరికి వస్తాయి, షట్టర్ ఎత్తాలి. వరి పాలు పోసుకునే వేళ అది. ఆ ఒక్క తడి పడకపోతే కింది పొలాలన్నీ తాలే. ఫోన్‌లో వాడు "సరే సార్" అన్నాడు. రోజూ అనేట్టు లేదు.

పొద్దున నేను లేచేసరికి వాడు షట్టర్ హ్యాండిల్ ఒళ్లో పెట్టుకుని వాకిట్లో కూర్చుని ఉన్నాడు. కాలువ చప్పుడు వినబడుతోంది.

"పోలేదా?"

"పోత బా."

పోలేదు. గీత పెట్టిన చాయ్ చల్లారింది. "రానని చెప్పెయ్, ఇంకొకర్ని పంపుకుంటరు," అంది ఆమె. మోతీబాయి గడపలో నిలబడి కొడుకును చూసింది. చలికాలమంతా పోవద్దని పోరిన మనిషి, చల్లారిన చాయ్ తీసుకుని లోపలికి పోయింది.

ఇన్నాళ్లూ వాడికి భయం రావాలని కోరుకున్నాను. వచ్చింది. వచ్చాక దాన్ని ఏం చేయాలో నాకు తెలియలేదు. వాడు అట్లా కూర్చుని ఉంటే చూడలేకపోయాను.

"బా," అన్నాడు వాడు తల ఎత్తకుండా. "జర నువ్వు గూడ వస్తవా?"

చెప్పులు వేసుకున్నాను. కట్ట మీద మంచు తడి ఉంది. నేను ముందు నడిచాను, వాడు నా వెనక. కింది పొలాల వాళ్లు ఇద్దరు గట్ల మీద నిలబడి మా వైపే చూస్తున్నారు. కాలువ అంచుల దాకా పారుతోంది. కాలువకు అడ్డంగా వేసిన షట్టర్ పలక మీదికి వాడు ఎక్కి నిలబడ్డాడు. చాలాసేపు నీళ్లనే చూశాడు. హ్యాండిల్ తగిలించి, తిప్పకుండా వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

నేను కూడా పలక మీదికి ఎక్కాను. వాడు నీళ్ల మీదికి వంగినప్పుడు వెనక నుంచి వాడి చొక్కాను రెండు చేతులా పట్టుకున్నాను.

"పట్టుకున్నవా బా?"

"ఊఁ."

హ్యాండిల్ తిరిగింది. షట్టర్ లేచింది. కింది కాలువలోకి నీళ్లు పడడం మొదలైంది. వాడు హ్యాండిల్ ఊడదీసి, వెనక్కి జరిగి, కట్ట మీద కాలు పెట్టేదాకా నేను చొక్కా వదల్లేదు.